రిఫరెన్స్ గొంతు

నందిరేవు పురపాలక సంఘం కార్యాలయంలో మేనేజరుగా పనిచేసే పేరి పుండరీకాక్షానికి దురలవాట్లంటూ ఏవీ లేవు. పేకాట లేదు, పొడుం లేదు, రాజకీయం లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆయన స్పీకర్లు తయారుచేసేవాడు.

కొనుక్కోవడం కాదు, తయారుచేయడమే. ప్లైవుడ్ కోసి, జిగురు పెట్టి పెట్టెలు కట్టేవాడు. లోపల దూది కూరేవాడు. లావు శబ్దాలకి పెద్ద వూఫరు, సన్న శబ్దాలకి చిన్న ట్వీటరు బిగించి, ఏ శబ్దం ఎటు పోవాలో చెప్పడానికి మధ్యలో రాగితీగ చుట్టలు అతికేవాడు. ఆ తర్వాత ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడో ఏదో తేడా ఉందనిపించేది. మళ్లీ అంతా విప్పేవాడు. ఆ ఇంట్లో ముందుగది ముందుగదిలా ఉన్న రోజు లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు రంపప్పొట్టు దులుపుకుని కూచోవాల్సి వచ్చేది.

ఈ పని వల్ల తన చెవులు పదునెక్కాయని ఆయన నమ్మకం. అది అబద్ధమూ కాదు. గాయని ఊపిరి తీసుకోబోయే ముందు పెదవి విడిన చప్పుడు కూడా ఆయన పట్టేసేవాడు. భార్య కనకవల్లి వంటింట్లోంచి "ఏమండీ, ఉప్పు అయిపోయింది" అని అరిస్తే మాత్రం, "నీ గొంతు గోడకి తగిలి వచ్చేసరికి కొంచెం మసకబారుతోంది వల్లీ" అని జవాబు చెప్పేవాడు. ఆవిడ చెప్పులేసుకుని తనే కొట్టుకి వెళ్లి ఉప్పు తెచ్చుకునేది.

అలా ఆయన ఇంటి వరకే నష్టం జరుగుతున్న రోజుల్లో, కమిషనర్ రాయసం త్రివిక్రమరావు ఏదో కొండ ఊళ్లో జరిగిన శిక్షణకి వెళ్లి, ఒక శాలువాతో, కాస్త దగ్గుతో, ఒక కొత్త మాటతో తిరిగొచ్చాడు. ఆ మాట క్రిటికల్ లిజనింగ్. రాగానే విభాగాల అధిపతులందరినీ సమావేశపరిచాడు.

"ప్రజలతో వ్యవహరించే ప్రతి అధికారిలోనూ విమర్శనాత్మక శ్రవణ నైపుణ్యం పెంపొందించాలని పైనుంచి ఆదేశాలున్నాయి" అన్నాడు.

ఇంజనీరు జంపన సుందరరాజు లేచి నిలబడ్డాడు. "అంటే వచ్చినవాళ్ల మాట విని విమర్శించడమే కదండీ? అది మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది సార్. వినకముందే విమర్శించే స్థాయికి చేరుకున్నాం."

"తేలిగ్గా తీసుకోకండి రాజుగారూ. శ్రవణం ఒక ప్రక్రియ. దానికి ఇన్‌పుట్ ఉంటుంది, అవుట్‌పుట్ ఉంటుంది, అవుట్‌కమ్ ఉంటుంది. మన కార్యాలయంలో ప్రస్తుతం ఇన్‌పుట్ ఒక్కటే ఉంది. ఈ నైపుణ్యాన్ని ఎలా అలవరచాలో ఎవరికైనా అవగాహన ఉందా?"

ఇలాంటి చోట పలకనివాడే సుఖంగా ఇంటికి వెళ్తాడని అందరికీ తెలుసు. పుండరీకాక్షానికీ తెలుసు. కానీ పాతికేళ్ల ఉద్యోగంలో తనకి తెలిసిన విషయం మీద తనని ఎవరైనా ప్రశ్న అడగడం ఆయనకి అదే మొదటిసారి. ఆగలేకపోయాడు.

"నేను ఇంట్లో సరదాగా స్పీకర్లు కడతాను సార్. కట్టేటప్పుడు తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ వింటాం కదా, అలా వినగా వినగా చెవికి దానంతటదే వివేకం వస్తుంది."

త్రివిక్రమరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే ఒక పథకం పుట్టినట్టు లెక్క.

ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ప్రతి విభాగమూ ఒక జత స్పీకర్లు సొంత చేతులతో నిర్మించాలి. పుండరీకాక్షం శ్రవణ నోడల్ అధికారి. ఆయన ఆ ఉత్తర్వు కాగితం ఇంటికి పట్టుకెళ్లి భార్యకి చూపించాడు. "మంచిదే. అక్కడైనా ఎవరో ఒకరు వింటారు" అందావిడ. ఆ మాటలో ఆయనకి మెచ్చుకోలు వినిపించింది.

కార్యాలయం వడ్రంగి దుకాణమైపోయింది. పట్టణ ప్రణాళిక విభాగం వాళ్లు ప్లానులో ఒకలా గీసి, పెట్టె ఇంకోలా కట్టి, పైన అనుమతి లేని అంతస్తు కూడా వేశారు. రెవెన్యూ వాళ్లు అలవాటు కొద్దీ పెట్టెకి సీలు వేసేశారు. శబ్దం బయటికి రావడం మానేసింది. పారిశుద్ధ్యం వాళ్లు దూది బదులు లోపల ఏం కూరారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంజనీరింగ్ పెట్టె అతుకుల్లోంచి గాలి పోతోందని పుండరీకాక్షం చూపిస్తే, "అది అనుమతించదగిన లీకేజీయే సార్" అన్నాడు సుందరరాజు. ప్రతి సోమవారం జరగాల్సిన అర్జీల రోజు వాయిదా పడింది. గేటు దగ్గర బోర్డు పెట్టారు: 'అధికారులు వినడం నేర్చుకుంటున్నారు. అర్జీదారులు దయచేసి మాట్లాడరాదు.'

పెట్టెలు తయారయ్యాక, వాటిలో ఏం వినాలన్న సమస్య వచ్చింది. సినిమా పాట పెడితే ఆ హీరో గిట్టనివాళ్లు ఊరుకోరు. భక్తిగీతం పెడితే ఏ దేవుడిదన్న ప్రశ్న వస్తుంది. అన్ని పెట్టెల్లోనూ ఒకే గొంతు వినిపించి పోల్చుకోవాలనీ, దానికి మామూలు మనిషి మాటే మేలనీ పుండరీకాక్షం తేల్చాడు. నిరాశ్రయుల వసతి గృహం నుంచి పరుపులు తెప్పించి, ప్రతిధ్వని రాకుండా పాత రికార్డుల గది గోడలకి కట్టించి, మధ్యలో మైకు పెట్టాడు. ఇక గొంతు దొరకాలి.

అప్పుడే గేటు దగ్గర గొడవ వినిపించింది. బోర్డు చదవడం రాని మనిషెవరో మాట్లాడుతోంది. పుండరీకాక్షం ఠక్కున ఆగిపోయాడు. బొడ్డులోంచి లేచి, గాలిని చీల్చుకుంటూ, ఏ మాటకి ఆ మాట విడివిడిగా వస్తున్న గొంతు! పరుగున వెళ్లి ఆమెని లోపలికి తీసుకొచ్చాడు.

ఆమె పేరు నూకరత్నం. పడాలపేటలో ఉంటుంది. చేపల బజారులో అరిచి అరిచి గొంతు సానబెట్టుకుంది. పరుపుల గదిలో కూచోబెట్టి మైకు ముందు పెట్టగానే బెదిరిపోయింది.

"ఇందులో సెప్తే ఇంటారా బాబూ?"

"అందరూ వింటారమ్మా. మీరు చెప్పదలుచుకున్నదేదో చెప్పండి."

నూకరత్నం రెండు చేతులూ జోడించి మైకుకి దణ్ణం పెట్టి మొదలుపెట్టింది.

"బాబూ, మా పడాలపేట ఆఖరి యీదిలో కొళాయి తిప్పితే మురుగు వత్తంది. వాసనేస్తంది. కాసి తాగినా పిల్లలకి కామెర్లు వత్తన్నాయి. నా కోడలు నెలలు నిండుతున్న మనిషి, మంచాన పడింది. పైపెక్కడో పగిలి కాలవలో కలిసిపోయింది బాబూ. ఒక్కసారొచ్చి సూడండి."

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న పుండరీకాక్షం కళ్లు మూసుకున్నాడు. 'మురుగు' అన్నప్పుడు మకారం పాతాళంలోంచి వచ్చింది; వూఫరుకి ఇంతకంటే పరీక్ష లేదు. 'వాసనేస్తంది'లో సకారాలు వెండితీగల్లా మెరిశాయి. ట్వీటరు సంగతి తేలిపోతుంది. 'కోడలు' దగ్గర గొంతు కాస్త వణికింది. ఆ వణుక్కి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత సహజమైన వణుకు ఏ స్టూడియోలో దొరుకుతుంది!

"అద్భుతంగా ఉందమ్మా! ఇంకొక్కసారి. ఈసారి మైకుకి జానెడు దూరంగా."

"ఎన్నిసార్లయినా సెప్తాను బాబూ" అంది నూకరత్నం కళ్లు తుడుచుకుని. "తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోయాయి. ఇంకొక్కసారి సెప్పమన్నది మీరొక్కరే."

నూకరత్నం గొంతు కార్యాలయానికి రిఫరెన్స్ గొంతు అయింది. ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు, అంటే పని మొదలుపెట్టడం మానేసి, విభాగాలన్నీ ఆ రికార్డు పెట్టుకుని వినేవి. కొందరు సెల్‌ఫోన్లకి రింగుటోనుగా కూడా పెట్టుకున్నారు. సమీక్షా సమావేశంలో ఒక్కొక్కరూ లేచి తమ శ్రవణానుభవం చెప్పుకున్నారు.

"కామెర్లు అన్నచోట మంచి వెచ్చదనం ఉంది సార్" అన్నాడు లెక్కల అధికారి.

"పైపు పగిలిన భాగంలో లోతు గమనించారా?" అన్నాడు సుందరరాజు. "కాలవ మన కుడిచేతి పక్కనే పారుతున్నట్టుంది."

త్రివిక్రమరావు తృప్తిగా వెనక్కి వాలాడు. "అర్జీ అంటే ఇలా ఉండాలి. ఇన్నాళ్లూ మనం అర్జీలను విషయపరంగా చూస్తూ వచ్చాం. అక్కడే పొరపాటు జరిగింది."

కొన్నాళ్లకి నూకరత్నం మళ్లీ వచ్చింది. వరండాలో పుండరీకాక్షాన్ని పట్టుకుంది.

"నా మాట ఇన్నారా బాబూ?"

"విన్నామా అని అడుగుతారేమిటమ్మా! కమిషనర్ గారు పొద్దున్నే కాఫీ కంటే ముందు మీ మాటే వింటున్నారు."

ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంత మంది పెద్దవాళ్లు ఇంత శ్రద్ధగా వింటుంటే ఇక ఫరవాలేదనుకుని చల్లగా వెళ్లిపోయింది. పుండరీకాక్షం కూడా ఒక పేదరాలిని సంతోషపెట్టానన్న సంతృప్తితో టీ తాగాడు. తర్వాత ఈ సంగతి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆ టీ సంగతి కూడా ఆయన విడిచిపెట్టేవాడు కాదు. "అందులో పంచదార చాలలేదని కూడా అన్నానండీ" అనేవాడు.

ఒక ఆదివారం ఉదయం ఆయన ఇంట్లో కొత్త పెట్టెలు సరిచూసుకుంటున్నాడు. నూకరత్నం గొంతు ముందుగది నిండా మోగుతోంది. కనకవల్లి గుమ్మంలో కూచుని గోంగూర తుంచుతోంది.

"ఇంతకీ ఆ పైపు బాగుచేశారా?" అంది.

"ఏ పైపు?"

"పడాలపేటలోది. మురుగు కలుస్తోందిట కదా."

"నీకెవరు చెప్పారు?"

కనకవల్లి తుంచుతున్న ఆకు ఆపి, ఆయన్నీ స్పీకర్నీ మార్చి మార్చి చూసింది. "ఆవిడే చెప్తోంది కదండీ. పాపం, వారం నుంచీ మనింట్లో మొత్తుకుంటోంది. ఆ కోడలికి పురుడు వచ్చిందో లేదో. కామెర్లతో కాన్పంటే మాటలా?"

పుండరీకాక్షం రికార్డు మొదటికి తిప్పాడు. విన్నాడు. మళ్లీ తిప్పాడు. ఆ మాటలన్నీ ఆయనకి కంఠస్థం. నిద్రలో లేపి అడిగినా ఏ అక్షరం ఎంత బరువో చెప్పగలడు. కానీ ఆ అక్షరాలన్నీ కలిసి ఒక మనిషి చెప్పుకుంటున్న కష్టమని ఆయనకి అప్పుడే తెలిసింది. ఏళ్ల తరబడి ఎన్ని పెట్టెలు విప్పినా దొరకని లోపం దొరికింది. అది పెట్టెలో లేదు. పెట్టెకి ఎదురుగా కుర్చీలో ఉంది.

తిన్నగా పడాలపేట వెళ్లాడు. ఆఖరి వీధి మొదట్లోనే వాసన తగిలింది. బిందెల్లో నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. నూకరత్నం ఎదురొచ్చి, "ఈ బాబే! ఈ బాబే నా మాట ఇన్నది" అని వీధంతా చాటింది. ఆడవాళ్లు దణ్ణాలు పెట్టారు. కోడల్ని పెద్దాసుపత్రిలో చేర్చారట. ఆయనకి మర్యాద చేయాలని ఎవరో సోడా తెచ్చిచ్చారు. పిల్లలు మాత్రం ఆ బిందెల్లోని నీళ్లే తాగుతున్నారు. ఆ సోడా మింగడం ఆయనకి తరం కాలేదు.

సోమవారం పొద్దున్నే సుందరరాజు గదిలోకి వెళ్లాడు. "రాజుగారూ, పడాలపేట పైపు మార్చాలండీ."

"ఫిర్యాదు రావాలి కదండీ."

"వచ్చింది. మీరు రోజూ వింటున్నారు."

సుందరరాజు జాలిగా నవ్వాడు. "అది ఫిర్యాదు కాదు సార్, రిఫరెన్స్. ధ్వని పరికరాల కింద నమోదైంది. పరికరం చెప్పిందని పైపు వేస్తే రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్తారు? ఆవిణ్ణే మళ్లీ వచ్చి ఫిర్యాదు చెయ్యమనండి."

"అర్జీల రోజు వాయిదా వేశాం కదా."

"అవును మరి. మీ శిక్షణ కోసమే."

కమిషనర్ దగ్గరా అదే జరిగింది. "మీరు విషయంలోకి జారిపోతున్నారు పుండరీకాక్షం గారూ. నోడల్ అధికారికి ఆ బలహీనత పనికిరాదు" అన్నాడు త్రివిక్రమరావు.

పుండరీకాక్షం తన సీట్లోకి వచ్చి తల పట్టుకున్నాడు. మాట చెప్తే వినని చోట ఏం చెప్పాలి? పాతికేళ్లు ఈ గోడల మధ్య బతికినవాడు కనక కాసేపటికి జవాబు తట్టింది. కాగితం తీసుకుని నోటు రాశాడు. 'సదరు రిఫరెన్స్ గొంతు కలుషిత జలం సేవిస్తున్నందున, సదరు గొంతు బొంగురుపోయి, కార్యాలయ శ్రవణ ప్రమాణాలు దెబ్బతినే ప్రమాదం కలదు. కావున సదరు గొంతుకు శుభ్రమైన నీరు అందించుట పరికర నిర్వహణలో భాగంగా పరిగణించదగును.'

త్రివిక్రమరావు చదివి కుర్చీలోంచి సగం లేచాడు. "ఇంత ముఖ్యమైన విషయం ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

మర్నాడే తవ్వకం మొదలైంది. నూకరత్నం ఇల్లు వీధికి చిట్టచివర ఉండటం వల్ల, ఆ గొంతు దాకా పైపు వేయాలంటే వీధంతా వేయక తప్పలేదు. అందరి కుళాయిల్లోనూ మంచినీళ్లు వచ్చాయి. తనని తాను ఎన్ని తిట్టుకున్నా, ఆ నోటు తలుచుకున్నప్పుడు మాత్రం పుండరీకాక్షానికి కొంచెం గర్వంగానే ఉండేది.

ఇంతలో రాజధాని నుంచి మూల్యాంకన బృందం వచ్చింది. నందిరేవుకి ఉత్తమ శ్రవణ పురస్కారం ఇవ్వవచ్చునా అని పరిశీలించడం వాళ్ల పని. హాల్లో అన్ని విభాగాల పెట్టెలూ వరసగా పేర్చారు. ముందు రికార్డు వినిపించారు. ఆ తర్వాత పోల్చి చూడటానికి నూకరత్నాన్నే తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టారు.

"ఏం సెప్పను బాబూ, అంతా బాగుంది!" అంది నూకరత్నం. "నీళ్లు అద్దంలా వత్తన్నాయి. కోడలికి ఆడపిల్ల. తల్లీపిల్లా కులాసా."

"పాత మాటలే చెప్పమనండి" అన్నాడు బృందం పెద్ద.

నూకరత్నం చెప్పింది. "కొళాయి తిప్పితే మురుగు వత్తంది" అంటూనే నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలి దగ్గర గొంతు వణక్కపోగా, ముద్దుగా సాగింది.

బృందం పెద్ద పెదవి విరిచాడు. "రికార్డులో ఉన్న వేదన మనిషిలో లేదు. ఇది తీవ్రమైన విచలనం."

త్రివిక్రమరావు ముఖం పాలిపోయింది. సుందరరాజు వైపు తిరిగాడు. "దీనికి కారణం?"

"పైపు మార్చాం సార్."

"పాత పైపు ఉందా?"

"స్టోర్సులో ఉంది సార్."

త్రివిక్రమరావు కళ్లజోడు తీశాడు. "అయితే మూల్యాంకనం ముగిసేవరకు తాత్కాలికంగా పాత పైపు కలపండి. ప్రమాణాలు పునరుద్ధరించాక మళ్లీ చూద్దాం. నోడల్ అధికారి సంతకం ఉంటే చాలు. పుండరీకాక్షం గారూ, నోటు పెట్టండి."

హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. లెక్కల అధికారి తల ఊపుతున్నాడు. మైకు దగ్గర నూకరత్నం ఏమీ అర్థంకాక, ఇంకా నవ్వుతూనే నిలబడింది. పుండరీకాక్షానికి మాత్రం ఆ వాక్యం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా స్పష్టంగా వినిపించింది. పై అధికారికి కాదని చెప్పిన అలవాటు ఆయనకి లేదు. ఎలా చెప్పాలో కూడా తెలీదు.

"వినిపించలేదు సార్" అన్నాడు.

కమిషనర్ మళ్లీ చెప్పాడు.

"వినిపించలేదు సార్."

కమిషనర్ మైకు అందుకున్నాడు. అన్ని విభాగాల పెట్టెలూ ఒక్కసారిగా "పాత పైపు కలపండి!" అని గర్జించాయి. కిటికీ అద్దాలు అదిరాయి. నూకరత్నం నవ్వు ఆగిపోయింది.

పుండరీకాక్షం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చాలా వినయంగా, "ఏమన్నారు సార్?" అన్నాడు.

ఆయన్ని చెవుల వైద్యుడి దగ్గరికి పంపారు. వైద్యుడు మాట్లాడాడు, అరిచాడు, చివరికి వెనకనుంచి తాళాల గుత్తి నేలమీద పడేశాడు. అందులో ఒకటి ఇత్తడిదనీ, దాని కొస విరిగి ఉందనీ పుండరీకాక్షానికి తన చెవులు చెప్పాయి. అంత చక్కటి చప్పుడు విని కూడా తల తిప్పకుండా ఉండటం ఆయన జీవితంలో చేసిన అతి కష్టమైన పని. వైద్యుడు రెండు చెవులూ పోయాయని రాసిచ్చాడు.

శ్రవణ నోడల్ అధికారే చెవిటివాడని తేలాక పురస్కారం ఎవరిస్తారు? బృందం భోజనం చేసి వెళ్లిపోయింది. పెట్టెలు గోదాములోకి వెళ్లాయి. పాత పైపు తుప్పుపట్టి స్టోర్సులోనే ఉండిపోయింది. అర్జీల రోజు మళ్లీ మొదలైంది. పుండరీకాక్షాన్ని ఏం చేయాలో కమిషనర్ చాలాసేపు ఆలోచించి ఉత్తర్వు ఇచ్చాడు: 'వినికిడి శక్తి పూర్తిగా కోల్పోయినందున ఇతని సేవలను అర్జీల విభాగంలో వినియోగించుకోవలసినది.' ఆ కార్యాలయంలో అంతకంటే తగిన చోటు లేదని ఆయన నిజాయితీగానే అనుకున్నాడు.

మొదటి సోమవారం వచ్చిన మొదటి అర్జీదారు ఒక ముసలాయన. అర్జీలు తీసుకునే కొత్తాయనకి చెవుడని గేటు దగ్గరే ఎవరో చెప్పినట్టున్నారు. బల్ల మీదికి వంగి, పుండరీకాక్షం చెవిలో నోరు పెట్టి, "మా వీధి దీపం వెలగట్లేదూ!" అని అరిచాడు.

పుండరీకాక్షం చెవి మూసుకుని, అటూ ఇటూ చూసి, ఆయన్ని పక్కనున్న బల్ల మీద కూచోబెట్టాడు.

"మెల్లిగా చెప్పండి బాబాయ్. నాకు వినిపిస్తుంది. ఎవరితోనూ అనకండి."

ముసలాయన నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత తనూ అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి, ఒక రహస్యం చెప్పినట్టు తన వీధి దీపం సంగతి మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.